గుండె బరువు దించిన వైద్యుడు

కోపం వచ్చినా, భయం కలిగినా, గబగబ మెట్లెక్కినా గుండె దడదడ కొట్టుకొనడం అందరికీ అనుభవమే. మూత్రపిండాలమీద టోపీలవలె కూర్చున్న రెండు చిన్న గ్రంథులనుండి ఎడ్రినలిన్ అనే ద్రవ్యం రక్తంలో చేరి గుండెను అదిలిస్తుంది. ఆరోగ్యవంతునికి ఇది రక్ష. హృద్ధమనులు సన్నబడిన రోగికి ఇదే శిక్ష. కండరానికి పని పెరుగుతుంది. అందుకు చాలినంత ప్రాణవాయువు మాత్రం అందదు. ఛాతీని బండరాతితో అదిమినట్లు నొప్పి పుడుతుంది.

ఆ కండరానికి రక్తాన్ని అధికంగా అందించడమెట్లా అన్నదే 1950ల నాటి వైద్యుల ప్రధానమైన చింత. స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ బ్లాక్ ఆ ప్రశ్నను తలక్రిందులు చేసినాడు. గుండెకు రాబడి పెంచలేకపోతే దాని ఖర్చునే తగ్గించరాదా అని ఆలోచించినాడు. ఇది సంసారులందరికీ తెలిసిన విద్యే. ఐనను వైద్యశాస్త్రానికి తోచడానికి ఇంతకాలం పట్టింది.

బ్లాక్ 1924లో ఒక గని ఇంజనీరు ఇంట, అయిదుగురు కొడుకులలో నాల్గవవాడుగా జన్మించినాడు. విద్యార్థివేతనంతో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1946లో పట్టభద్రుడైనాడు. ఐతే రోగులపట్ల నాడు కనబడిన నిర్దయ ఆయనకు సరిపడలేదు. వైద్యవృత్తి జోలికి పోలేదు. చదువు మిగిల్చిన అప్పులు తీర్చడానికి సింగపూరు వెళ్లి వైద్యకళాశాలలో పాఠాలు చెప్పినాడు. 1950లో మరలివచ్చి గ్లాస్గో పశువైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర శాఖను నెలకొల్పినాడు. మానవుని గుండెను గూర్చిన ఇంత గొప్ప ఊహ పశువైద్యుల పాఠశాలలో మొలకెత్తడం విచిత్రమే.

ఆ ఊహకు ఆధారం అమెరికాలో దొరికింది. ఎడ్రినలిన్ పనిచేసే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు తెగలని రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లో ప్రతిపాదించినాడు. చాలామంది దానిని పట్టించుకొనలేదు. గుండెను పరుగెత్తించేవి బీటా గ్రాహకాలు. తాళంలో తిరగని చెవి నొకదానిని దూర్చి ఉంచితే అసలు చెవికి చోటుండదు కదా! అట్టి చెవిని వెదకడానికి బ్లాక్ 1958లో ఐ.సి.ఐ. సంస్థలో చేరినాడు.

మొదట దొరికినది ప్రొనెథలాల్. 1962 నాటికి రోగులకు ఇచ్చి చూచినారు, నొప్పి తగ్గింది. ఇంతలో ఆ మందు తిన్న చుంచెలుకలలో కంతులు లేచినవి. చేతికందిన ముద్ద నోటికందకుండ పోయింది. కాని పరిశోధన ఆగలేదు. బ్లాక్, ఆయన తోడి రసాయనికులు మరింత శక్తిమంతమూ, ఆ దోషం కనబడనిదీ అయిన ప్రొప్రనలాల్‌ను తీసికొనివచ్చినారు. 1965లో అది అంగడికి వచ్చింది. రక్తపోటును కూడా తగ్గిస్తుందని లండనులో బ్రయన్ ప్రిచర్డ్ గమనించినాడు. అది ఎవరూ ఎదురుచూడని లాభం. ఊపిరితిత్తులలోనూ బీటా గ్రాహకాలున్నవి గనుక ఉబ్బసరోగులకు అది తగదు.

గుండెపోటునుండి బయటపడిన 3837 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితం 1981లో వెలువడింది. ఉత్తుత్తి మాత్రలు తిన్నవారిలో నూటికి 9.8 మంది మరణించగా, ప్రొప్రనలాల్ తిన్నవారిలో 7.2 మంది మరణించినారు. ఇక ఆపినా చాలునని గడువుకు ముందే పరీక్షను నిలిపివేసినారు.

బ్లాక్ మాత్రం తన మందు అంగడికి రాకముందే, 1964లో, ఆ సంస్థను విడిచినాడు. అదే తాళపుచెవి న్యాయాన్ని జీర్ణకోశంలోని ఆమ్లానికి అన్వయించినాడు. దాని ఫలమే 1976లో వచ్చిన సిమెటిడిన్; పేగుపూతతో కత్తికి లోబడవలసిన ఎందరినో అది మాత్రతోనే గట్టెక్కించింది. 1988లో గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లతో కలిసి నోబెల్ బహుమానం అందుకొన్నాడు. ఆ వార్త విన్నపుడు తన మందు తన చెంతనే ఉంటే బాగుండునని ఛలోక్తి విసిరినాడట. 2010లో ఆయన కన్నుమూసినాడు.

ఆయన తెరచిన దారిలో వింతలు ఇంకా జరుగుతూనే ఉన్నవి. బలహీనపడిన గుండెకు ఈ జాతి మందులు విషమని వైద్యులు చిరకాలం భయపడినారు. కొద్ది మోతాదుతో మొదలిడితే అట్టి గుండెకే అవి ఆయుష్షు పోస్తాయని 1999 నాటి పరీక్షలు తేల్చినవి. గుండెపోటు తరువాత కూడా గుండె బలం తగ్గనివారికి వీటివల్ల అదనపు ప్రయోజనం కనబడలేదని 2024లో స్వీడను వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన పెద్ద పరీక్ష చెప్పింది.