కొండల్లో రాత్రి బస చేశారా? జ్వరం వస్తే ఆ మాట ముందు చెప్పండి

రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున మోటారుసైకిలు ఎక్కితే, గోకవరం దాటి, ఎండ ముదరకముందే రంపచోడవరం చేరుకోవచ్చు. అక్కడి నుండి ముప్పై కిలోమీటర్ల లోపే మారేడుమిల్లి. ఆ పైన ఘాట్ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ చింతూరు, భద్రాచలం. దారిలో భూపతిపాలెం జలాశయం, రంప జలపాతం, అమృతధార, జలతరంగిణి, గుడిస కొండ మీది పచ్చిక మైదానం. సెలవు దొరికితే చాలు, యువకులు జట్లుజట్లుగా బండి వెనుక గుడారం కట్టుకుని యీ కొండలకు వస్తున్నారు. రావడం మంచిదే. పట్నపు పొగలో వారమంతా పనిచేసిన శరీరానికి, మనస్సుకి యీ గాలి మేలు చేస్తుంది.

అయితే ఒక్క సంగతి. ఈ ప్రయాణాల్లో ప్రమాదమంటే అందరికీ మలుపులు, లోయలే కనిపిస్తాయి. ఇల్లు చేరిన వారం పది రోజులకు బయటపడే ప్రమాదం మరొకటి వుంది. దాని పేరు మలేరియా. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళు దీన్నే ‘మన్యం జ్వరం’ అనేవారు. పేరు పాతదైనా జబ్బు ఇంకా పాతబడలేదు.

సెలయేటి గట్టే దోమ పుట్టిల్లు

మలేరియా దోమ వల్ల వస్తుందని రుజువైనది మన తెలుగుదేశంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకొక విశేషమేమంటే, అదే 1897లో ఊటీ దిగువనున్న సిగూరు ఘాట్‌కు వెళ్ళినప్పుడు ఆ డాక్టరుకే మలేరియా సోకింది. కొండకు వచ్చిన అతిథిని పండితుడని దోమ వదలదు!

దోమ అనగానే మురుగుకాలువ గుర్తుకు వస్తుంది. కాని కొండ ప్రాంతాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ జాతి దోమల్లో ఒక రకం, తేటగా మెల్లగా పారే సెలయేటి అంచుల్లో, గడ్డిపరకల నీడన గుడ్లు పెడుతుంది. మీరు గుడారం వేయడానికి ముచ్చటపడే చోటు కూడా సరిగ్గా అదే! ఈ దోమ సందె చీకటి పడ్డాక బయలుదేరి తెల్లవారే లోపల కుడుతుంది. డెంగీ దోమలాగా పట్టపగలు కుట్టదు. కనుక పగలు చూసి సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోయేవారికంటె, రాత్రి ఆరుబయట నెగడు చుట్టూ కూర్చుని, అక్కడే నిద్రపోయేవారికి ముప్పు చాలా ఎక్కువ.

వానాకాలంలోను, వానలు వెనకబట్టిన తరువాతను ఏజెన్సీలో మలేరియా పెరుగుతుంది. జలపాతాలు నిండుగా వుండేదీ, గుడిస మీద మబ్బులు పరుచుకునేదీ దరిదాపు ఆ నెలల్లోనే.

ఏడు రోజుల లెక్క

ఇక్కడే చాలామంది పొరబడతారు. తిరిగి వెళ్ళిన మర్నాడే రక్తపరీక్ష చేయించుకుని, “ఏమీ లేదన్నారు” అని నిశ్చింతగా వుంటారు. ఆ పరీక్ష వల్ల ప్రయోజనం లేదు. దోమ కుట్టినప్పుడు శరీరంలో ప్రవేశించిన పరాన్నజీవి గంటలోపే కాలేయానికి చేరుతుంది. అక్కడ చడీచప్పుడు లేకుండా సుమారు వారం రోజులు పెరుగుతుంది. ఆ తరువాతనే రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగులగొడుతుంది. అప్పుడు జ్వరం. అందువల్ల కొండ దిగిన రెండవ రోజున వచ్చిన జ్వరం ఆ కొండమీది దోమ వల్ల వచ్చిన మలేరియా కాదు. ఏడవ రోజు మొదలు మూడు నాలుగు వారాల వరకు వచ్చే ఏ జ్వరాన్నయినా, కాదని తేలేవరకు మలేరియాగానే అనుమానించాలి.

మలేరియాలో మనకు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వైవాక్స్. ఇది సాధారణంగా ప్రాణం మీదికి తేదు గాని, కాలేయంలో దాగి నెలల తరువాత మళ్ళీ తలెత్తుతుంది. దసరా సెలవుల్లో కుట్టిన దోమ సంక్రాంతి తరువాత జ్వరం తెప్పించవచ్చు. రెండవది ఫాల్సిపారమ్. ప్రాణాపాయమైనది ఇదే. మొదట్లో మామూలు జ్వరంలాగే వున్నా, వైద్యం ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు, మూత్రపిండాలకు సోకి స్పృహ తప్పించగలదు.

‘వైరల్ జ్వరం’ అనే ముసుగు

చలి, వణుకు, తరువాత మంట పుట్టించే జ్వరం, ఆపైన చెమటలు – ఇవి పుస్తకంలో వ్రాసిన లక్షణాలు. రోగులందరూ పుస్తకం ప్రకారం జబ్బుపడరు. కొందరికి తలనొప్పి, ఒళ్ళునొప్పులు మాత్రమే. కొందరికి వాంతులు, విరేచనాలు. కొందరికి కళ్ళు పచ్చబడతాయి.

సాధారణంగా జరిగేది చూడండి. హైదరాబాదులోనో విజయవాడలోనో వుద్యోగం చేసే కుర్రవాడికి పదవ రోజున జ్వరం తగులుతుంది. వర్షంలో తడిశాం కదా అనుకుని రెండు రోజులు పారాసిటమాల్ వేసుకుంటాడు. జ్వరం దిగి మళ్ళీ వస్తుంది. వీధి చివర ఆసుపత్రిలో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అంటారు. ఈ పరీక్ష టైఫాయిడ్ లేనివారిలో కూడా కొన్నిసార్లు వున్నట్లు చూపిస్తుంది. మరో మూడు రోజులు సూదిమందులు. ఈ లోపల విలువైన కాలం గడిచిపోతుంది. పట్నంలో డాక్టరుకు మలేరియా తట్టకపోవడం వింత కాదు. ఆయన దగ్గరకు రోజూ వచ్చే జ్వరాల్లో అది అరుదు. ఆయనకు ఆ ఆలోచన కలిగించవలసిన మాట ఒక్కటే, అది మీ దగ్గరే వుంది: “డాక్టరుగారూ, పది రోజుల క్రితం మారేడుమిల్లి అడవిలో రాత్రి పడుకున్నాను.” ఆయన అడగకపోయినా మీరు చెప్పండి. ఊరి పేరు, తేదీ, ఎన్ని రాత్రులు – మూడూ చెప్పండి.

పరీక్ష చాలా తేలిక. వేలి కొస నుండి ఒక చుక్క రక్తం. కార్డు పరీక్షలో పదిహేను ఇరవై నిముషాల్లో ఫలితం తెలుస్తుంది. గాజుపలక మీద సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష కూడా వుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, మందూ ఉచితమే. ఏజెన్సీ గ్రామాల్లో ఆశా కార్యకర్తలు కూడా యీ కార్డు పరీక్ష చేస్తారు. ఒకసారి ‘లేదు’ అని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు, ఆ మర్నాడు కూడా మళ్ళీ చేయించాలి.

మలేరియా అని తేలితే, ఏ రకమైతే ఆ మందు. వైవాక్స్‌కు జ్వరం తగ్గించే మాత్రలు మూడు రోజులే అయినా, కాలేయంలో దాగినవాటిని చంపడానికి ప్రిమాక్విన్ 14 రోజులు వాడాలి. నాలుగవ రోజున ఒళ్ళు తేలికపడగానే చాలామంది దీన్ని మానేస్తారు. మళ్ళీ మళ్ళీ జ్వరం రావడానికి ఇది పెద్ద కారణం. ఈ మందు గర్భిణులకు పనికిరాదు; జి-6-పి.డి. అనే ఎంజైము లోపం వున్నవారికి ప్రమాదం. కనుక డాక్టరు చెప్పకుండా కొని వేసుకోరాదు. స్నేహితుడికి మిగిలిన మాత్రలు అసలే వద్దు.

స్పృహ తడబడటం, ఫిట్సు, మూత్రం నల్లబడటం లేదా తగ్గిపోవడం, కామెర్లు, ఆయాసం, ఏదీ కడుపులో నిలవకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పెద్ద ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళాలి.

బయలుదేరే ముందు

గుడారంతో పాటు దోమతెర కట్టుకోండి. మందు పట్టించిన దోమతెరలు దొరుకుతాయి, అవి మరీ మంచివి. బస నీటి గట్టున కాకుండా దూరంగా, కాస్త ఎత్తులో, అనుమతి వున్నచోట మాత్రమే వేయండి. సందె పడగానే చేతులు, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. బయట వున్న చర్మానికి డీట్ వున్న దోమల లేపనం పూసుకోండి. నెగడు పొగను నమ్ముకోవద్దు. పొగ ఆరేది మీరు నిద్రపోయిన తరువాతనే!

కటికనేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రివేళ నేలమీద నిద్రించేవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. నొప్పి వుండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి లేచేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పాముకాటేనని అనుమానించి పరుగెత్తాలి. కట్లు కట్టడం, కోయడం, పీల్చడం వద్దు. కదలకుండా వుంచి 108కి ఫోను చేయండి. ఫోను అందని చోట దొరికిన వాహనంలో ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు వుండేది ఆసుపత్రిలోనే.

గడ్డిలోను పొదల్లోను వుండే నల్లికంటె చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఇదీ వారం రెండు వారాలకే బయటపడుతుంది. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. సకాలంలో గుర్తిస్తే మామూలు మాత్రలతోనే నయమవుతుంది.

ఇక బండి సంగతి. హెల్మెట్ గడ్డం కింద బిగిస్తేనే హెల్మెట్. రెండు గంటలకొకసారి దిగి నీళ్ళు తాగి కాళ్ళు సాచండి. ఘాట్‌లో చీకటి పడ్డాక నడపకండి. జ్వరంతోను, మత్తుతోను అసలే నడపకండి. పడిపోయినవాడు లేచి నవ్వినా సరే, క్షణకాలం స్పృహ తప్పినా, తరువాత వాంతి అయినా, మగతగా వున్నా తలకు స్కాను అవసరం. జలపాతాల్లో దిగే ముందు పైకొండల మీద వాన పడుతున్నదేమో చూడండి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర హఠాత్తుగా పెరిగిన ప్రవాహంలో కొట్టుకుపోయి వైద్య విద్యార్థులే ప్రాణాలు కోల్పోయారు.

దూరదేశాలు వెళ్ళేవారికి

లడఖ్ వెళ్ళేవారికి మలేరియా బెడద కాదు, ఎత్తు బెడద. లేహ్ పట్నమే పదకొండు వేల అడుగులకు పైన వుంది. విమానంలో దిగి, బండి అద్దెకు తీసుకుని మర్నాడే ఖార్దుంగ్ లా ఎక్కడం సాహసం కాదు, తెలివితక్కువ. రెండు రోజులు విశ్రాంతి అవసరం. ఆఫ్రికా దేశాలు చాలావాటిలో ఫాల్సిపారమ్ ఎక్కువ. ఎల్లో ఫీవర్ వున్న దేశాలకు కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకుని పత్రం దగ్గర వుంచుకోవాలి. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా వుంచగలరు. దేశమేదైనా చివరి సూత్రం మారదు: తరువాత జ్వరం వస్తే ఎక్కడ పడుకున్నారో చెప్పాలి.

కొన్ని సందేహాలు

“అక్కడి గిరిజనులు నిత్యం అడవిలో వుంటారు. వాళ్ళకు రాని జ్వరం మాకెందుకు?”

వాళ్ళకు రాదని ఎవరు చెప్పారు? పదే పదే వచ్చి, పెద్దవాళ్ళలో కొంత నిరోధకశక్తి ఏర్పడుతుంది. అది చంటిపిల్లలకు వుండదు, గర్భిణులలో తగ్గిపోతుంది. వాళ్ళే ఎక్కువగా బాధపడతారు. పట్నం నుండి వచ్చిన మీకు ఆ శక్తి బొత్తిగా వుండదు. ఈ విషయంలో మీరూ చంటిపిల్లలే.

“జీలుగు కల్లు తాగితే మన్యం జ్వరం రాదంటారు, నిజమేనా?”

నిజం కాదు. తాగినవాడు దోమతెర మరచి బయటే నిద్రపోతాడు. ఫలితం దోమకు, పాముకు కూడా అనుకూలం.

“ముందే మాత్రలు వేసుకుంటే సరిపోదా?”

కొద్దిరోజుల ప్రయాణానికి డాక్సీసైక్లిన్ వుంది. 2 రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళు రోజూ, తిరిగి వచ్చాక 4 వారాలు వాడాలి. గర్భిణులకు, 8 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదు. డాక్టరును అడిగి తీరాలి. మాత్ర వేసుకున్నా దోమతెర తప్పదు.

మలేరియాను 2030 నాటికి దేశంలో లేకుండా చేయాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నది. పొరుగున వున్న శ్రీలంక 2016లోనే ఆ గుర్తింపు సాధించింది. వైద్యం చేయించుకోని ఒక్క యాత్రికుడు తన రక్తంలో యీ జబ్బును తన వీధికి కూడా మోసుకుపోగలడు. కాబట్టి ఇల్లు చేరగానే గోడమీది క్యాలెండరులో కొండలో గడిపిన రాత్రికి ఒక గుర్తు పెట్టండి. ఏడవ రోజు తరువాత ఒళ్ళు వెచ్చబడితే, ఆ గుర్తు చూసి అదే రోజు వేలి కొస నుండి ఒక చుక్క రక్తం ఇవ్వండి.