45 నిమిషాలు.. ఒకే ట్రాక్!

ప్రిన్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1984 నాటి ‘పర్పుల్ రెయిన్’. కానీ ఆయన వీరాభిమానుల మధ్య వాదన రాజుకోవాలంటే ‘లవ్‌సెక్సీ’ పేరెత్తితే చాలు. కొందరికి అదో కళాఖండం, ఇంకొందరికి తలనొప్పి.

1987 డిసెంబరులో, విడుదలకు సిద్ధమైన ‘బ్లాక్ ఆల్బమ్’ని ప్రిన్స్ చివరి క్షణంలో ఆపేశాడు. దాని స్థానంలో 1988 మేలో వచ్చిందే ఇది. అందులో కోపం, చీకటి. ఇందులో దైవం, ప్రేమ. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది గానీ, సొంత దేశం అమెరికాలో 11 దగ్గరే ఆగిపోయింది. కవర్ మీద నగ్నంగా కూర్చున్న ప్రిన్స్‌ని చూసి కొన్ని షాపులు అమ్మనే లేదు.

అసలు గొడవ సీడీతోనే. 9 పాటల్నీ కలిపి ఒకే ట్రాక్‌గా ఇచ్చాడు. నచ్చిన పాట కావాలంటే ఫార్వర్డ్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే! ‘డబ్బులు పెట్టి కొన్నాక ఎలా వినాలో నువ్వు చెప్పేదేంటి?’ అంటుంది ఒక వర్గం. ‘సినిమాని ముక్కలుగా కోసి చూస్తామా?’ అంటుంది రెండోది.

కంట్రోల్ యూజర్ చేతిలోనే ఉండాలని నూరిపోసే ఫీల్డ్ నాది. అయినా నా ఓటు ప్రిన్స్‌కే. ‘అనా స్టీజియా’నే తీసుకోండి. విడిగా వింటే మంచి పాట, అంతే. మూడు హుషారు పాటల తర్వాత ఒంటరి పియానోతో అది మొదలైతే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. వాయిద్యాలు మరీ కుక్కేశాడన్న విమర్శ నిజమే, ‘డాన్స్ ఆన్’లో డ్రమ్స్ గోలే ఎక్కువ.

వినాలనుకుంటే షఫుల్ ఆపేయండి. రెండో పాట ‘ఆల్ఫాబెట్ స్ట్రీట్’ దాకా ఓపిక పడితే చాలు, మిగతాది అదే లాక్కెళ్తుంది.