కుక్కకి వెంట్రుకలు తెగ రాలుతున్నాయా? కషాయం డ్రమ్ము తీసే ముందు ఇవి చూడండి

రావికమతం మండలంలో కళ్యాణపులోవ వైపు, కొండ కింద జీడితోటలు, చెరకు ఉన్నవాళ్లకి కుక్క అంటే ముచ్చటకి పెంచుకునేది కాదు. రాత్రి చేలో అడవిపంది దిగితే ముందు పసిగట్టేది అదే. అలాంటి కుక్కకి వెంట్రుకలు ఊడి చర్మం బయటపడుతుంటే మనకి మొదట తట్టే ఆలోచన ఒకటే: "షెడ్డులో అగ్నిఅస్త్రం ఉంది కదా, నాలుగు మగ్గులు పోసేద్దాం."

దయచేసి పోయకండి. అందులో పొగాకు, పచ్చిమిరప, వెల్లుల్లి ఉంటాయి. మొక్క తన ఆకుని నాక్కోదు, కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చొంగ కారడం, వాంతులు, వణుకు వస్తాయి. మిరప ఘాటు పుండు మీద పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వేపనూనె చిక్కగా రాయడం, కాలిన ఇంజనాయిలు పూయడం, కిరసనాయిలు తుడవడం కూడా అంతే, నాకితే విషమే. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగితే శుభ్రానికి పర్వాలేదు గానీ దాంతో గజ్జి పురుగు చావదు.

అసలు వెంట్రుకలు రాలడం జబ్బు కాదు, జబ్బుకి గుర్తు. ఒక్కోసారి జబ్బే ఉండదు. చలి పోయి ఎండలు ముదిరేటప్పుడు కుక్క జుట్టు మార్చుకుంటుంది. ఈనిన ఆడకుక్కకి కూడా ఒకటి రెండు నెలలు బాగా రాలుతుంది. అప్పుడు ఒళ్లంతా సమంగా పల్చబడుతుంది, దురద ఉండదు, చర్మం శుభ్రంగా ఉంటుంది. దువ్వెనతో దువ్వండి, తిండి బాగా పెట్టండి, చాలు.

మచ్చలు మచ్చలుగా ఊడినా, ఎర్రబడినా, పొక్కు కట్టినా, వాసన వచ్చినా మాత్రం ఎక్కడ ఊడిందో, గోక్కుంటుందో లేదో చూడాలి. వీడియోలో వెంట్రుకలు విడదీసి చూపించాం, అలాగే చూడండి.

చెవి అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర ఊడి, రాత్రంతా గోక్కుంటుంటే గజ్జి అనుమానించాలి. చెవి అంచుని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రుద్దండి. వెనక కాలు తనంతట తానే గోకినట్టు ఆడితే అనుమానం బలపడుతుంది. ఇది మనకీ అంటుతుంది, చేతులకి, పొట్ట మీద దురద పొక్కులు వస్తాయి. తోక మొదట్లో, నడుం మీద ఊడితే గెంతే చిన్న పురుగులు, అంటే ఫ్లీస్, ఉన్నాయేమో చూడాలి. జుట్టులో రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద వేయండి, ఎర్రగా కరిగితే అది పురుగు రెట్ట, కుక్క రక్తమే. గుండ్రంగా, బిళ్లలా ఊడితే తామర కావచ్చు. అది దూడలకీ, పిల్లలకీ అంటుతుంది కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఏడాది లోపు కుక్కపిల్లకి కళ్ల చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ల మీద పెద్ద దురద లేకుండా ఊడితే డెమోడెక్స్ అనే పురుగు. అది మనకి అంటేది కాదు. వయసు మీదపడిన కుక్క మందకొడిగా, లావుగా అయి రెండు పక్కలా ఒకేలా ఊడుతుంటే థైరాయిడ్ చూపించాలి.

ఇవన్నీ అనుమానాలే. తేల్చేది చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడటం. మండల పశువైద్యశాలలో అడగండి, పశువైద్య అంబులెన్సుకి 1962 నంబరు ఉంది. పశువులకి వాడగా మిగిలిన ఐవర్‌మెక్టిన్ సూది మీ అంతట మీరు పొడవకండి, మోతాదు తప్పినా, కోలీ లాంటి జాతులకైనా ప్రాణం మీదకి వస్తుంది. ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ రకం మాత్రలు కుక్క బరువుని బట్టి డాక్టరు రాస్తారు. మూర్ఛలు వచ్చే కుక్కయితే ముందే చెప్పాలి. "మనది రసాయనం లేని పొలం కదా" అంటారు కొందరు. పిల్లకి జ్వరమొస్తే మాత్ర వేయమా? చేలో పురుగుమందు కొట్టడానికీ దీనికీ పోలిక లేదు.

పిడుదుల సంగతి వేరు, ఇక్కడ మన పనే ఎక్కువ. రక్తం తాగిన ఆడ పిడుదు కుక్క మీద ఉండదు, కిందికి రాలి గోడ పగుళ్లలో, నులకమంచం సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కని ఎంత కడిగినా కొట్టంలో పగుళ్లు అలాగే ఉంటే పది రోజుల్లో మళ్లీ మొదలు. పగుళ్లు పూడ్చి సున్నం వేయండి, అది పడుకునే గోనెసంచి మరిగే నీళ్లలో వేసి ఎండబెట్టండి. పిడుదుని చిన్న పట్టకారుతో తలదగ్గర పట్టి లాగి సబ్బునీళ్లలో వేయండి, వేళ్లతో నలపొద్దు. పిడుదులున్న కుక్క తిండి మానేసి, జ్వరంతో ఉండి, ముక్కులోంచి రక్తం వచ్చిందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

తిండి కూడా చూడండి. గంజి, మిగిలిన అన్నంతో బతికే కుక్కకి మాంసకృత్తులు చాలవు, వెంట్రుకలేమో దాదాపు మాంసకృత్తులే. రోజుకో ఉడికిన గుడ్డు, ముల్లు తీసి ఉడికించిన చేప కలపండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టొద్దు. వైద్యం కుదిరినా జుట్టు తిరిగి నిండటానికి రెండు మూడు నెలలు పడుతుంది. డెమోడెక్స్‌కి జుట్టు వచ్చేసింది కదా అని మధ్యలో ఆపకండి, చర్మం మళ్లీ గీకి చూసి పురుగు లేదని డాక్టరు చెప్పేదాకా వేయాలి.