చిన్న రాకెట్టు – నాయిన అడిగిన ప్రశ్న

2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోట నుంచి ‘విక్రమ్‌-ఎస్‌’ అనే చిన్న రాకెట్టు ఎగిరింది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్టు అంతరిక్షం వైపు లేవడం అదే మొదటిసారి. తయారుచేసినది హైదరాబాదులోని స్కైరూట్‌ ఏరోస్పేస్‌. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్‌ కుమార్‌ చందన, నాగ భరత్‌ డాకా 2018లో ఈ సంస్థను స్థాపించారు.

నేనప్పుడు ఇంటర్మీడియట్‌లో ఉన్నాను. యాచారంలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని నేను సంబరపడుతుంటే, మా నాయిన ఒక్కటే మాట అడిగాడు:

“పైకి పోయింది మంచిదే బిడ్డా. ఐదు నిమిషాలకే సముద్రంల పడ్డదంటున్నరు గద! పడ్డదాన్ని గెలిచిందంటరా?”

నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను గనుక ఆ బాకీ ఈ సంచికలో తీర్చుకుంటాను.

విక్రమ్‌-ఎస్‌ పొడవు సుమారు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. మూడు చిన్న పరికరాలను మోసుకొని 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, బంగాళాఖాతంలో పడింది. అది పడవలసిందే! తమ ఇంజను, పరికరాలు నిజమైన ప్రయాణంలో ఎలా పనిచేస్తాయో చూసుకోవడానికి పంపినదే గాని, కక్ష్యలో నిలపడానికి కాదు.

కక్ష్యలో నిలవాలంటే ఎత్తు ఒక్కటే చాలదు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. రాయిని నిట్టనిలువుగా విసిరితే తిరిగి మన నెత్తి మీదికే వస్తుంది. అడ్డంగా విసిరితే దూరం పోయి పడుతుంది. వేగం పెంచితే ఇంకా దూరం పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా! రాయి కిందికి వంగినకొద్దీ నేల కూడా అంతే వంగి తప్పుకునేంత వేగం ఇచ్చామనుకోండి. రాయి పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం తాకదు. ఉపగ్రహమంటే అదే. 500 కిలోమీటర్ల ఎత్తున ఈ వేగం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు. ఆ లెక్కన యాచారం నుంచి హైదరాబాదు ఏడు సెకన్ల దారి!

విక్రమ్‌-ఎస్‌ అందుకున్నది ధ్వని వేగానికి ఐదింతలు. కక్ష్యకు దాదాపు మరో ఐదింతలు కావాలి. వేగం ఐదింతలైతే శక్తి ఇరవైఐదింతలు కావాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంధనం ఎక్కువ నింపితే ఆ బరువును మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. అందుకే రాకెట్టును అంచెలుగా కడతారు. కాలిపోయిన అంచెను వదిలేస్తూ పోతారు.

స్కైరూట్‌ వారు ఉపగ్రహాల కోసం రూపొందించిన విక్రమ్‌-1లో నాలుగు అంచెలు. కింది మూడూ ఘన ఇంధనంతో, పైది ద్రవ ఇంధనంతో పనిచేస్తాయి. ఘన ఇంధనం చిచ్చుబుడ్డి లాంటిది, అంటించాక ఆపలేము. ద్రవ ఇంధనం గ్యాసుపొయ్యి లాంటిది, ఆపి మళ్ళీ వెలిగించవచ్చు. ఉపగ్రహాన్ని సరైన చోట దించడానికి చివరన ఆ వీలు ఉండాలి. బరువు తగ్గించడానికి రాకెట్టు ఒంటిని కార్బన్‌ పోగులతో చేశారు. మొదటి అంచె అయిన కలామ్‌-1200 మోటారును 2025 ఆగస్టులో శ్రీహరికోటలో నేల మీదే మండించి పరీక్షించారు.

“పెద్ద రాకెట్లుండగా చిన్నదెందుకు?” అని మిత్రులు అడగవచ్చు. 2017 ఫిబ్రవరి 15న పి.ఎస్‌.ఎల్‌.వి. ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసుకెళ్ళింది, నిజమే. అది మా సాగర్‌ రోడ్డు మీది బస్సు లాంటిది. చార్జీ తక్కువ, కానీ అది బయలుదేరినప్పుడే మనమూ పోవాలి, ఆగినచోటే దిగాలి. లోపలి పల్లెకు పోవాలంటే యాచారంలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. చిన్న రాకెట్టు ఆ ఆటో. కోరినప్పుడు, కోరిన కక్ష్యకు పోతుంది. అయితే కిలోకు పడే ఖర్చు మాత్రం ఎక్కువే. ఆ ఎక్కువ పెట్టడానికి బేరం దొరుకుతుందా లేదా అన్నదే ఈ సంస్థల భవిష్యత్తు తేల్చే ప్రశ్న.

ఇక పడిపోవడం మాట. 1979 ఆగస్టు 10న మన ఎస్‌.ఎల్‌.వి.-3 మొదటి ప్రయోగం విఫలమై సముద్రంలో పడింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణిని కక్ష్యలో నిలిపింది. అమెరికాలో స్పేస్‌ఎక్స్‌ వారి చిన్న రాకెట్టు ఫాల్కన్‌-1 మూడుసార్లు విఫలమై, 2008లో నాలుగోసారి గెలిచింది. 2022 ఆగస్టులో ఇస్రో వారి చిన్న రాకెట్టు ఎస్‌.ఎస్‌.ఎల్‌.వి. కూడా మొదటిసారి తప్పి, 2023 ఫిబ్రవరిలో నెగ్గింది. ఈ విద్యలో మొదటి ఓటమి ఫీజు లాంటిది.

మొన్న సెలవులకు పోయినప్పుడు ఇదంతా నాయినకు చెప్పాను. శ్రద్ధగా విని, “ఇస్రో పడేసుకుంటే సర్కారు మళ్ల పైసలిస్తది. వీళ్లకెవరిస్తరు?” అన్నాడు.

సరైన ప్రశ్న! ప్రభుత్వ సంస్థ వెనుక దేశం ఉంటుంది. ప్రైవేటు సంస్థ వెనుక పెట్టుబడిదారుల ఓపిక మాత్రమే ఉంటుంది, దానికి హద్దు ఉంది. అయినా వీరు ఒంటరివారు కారు. 2020లో ప్రభుత్వం అంతరిక్ష రంగంలో ప్రైవేటుకు తలుపు తెరిచింది. ప్రయోగవేదిక, కొన్ని పరీక్షాకేంద్రాలు ఇస్రోవే. ఆ సంస్థను నిలబెట్టింది మన ప్రజల పన్ను. అంటే ఈ చిన్న రాకెట్టులో యాచారం రైతు చెమట కూడా కాస్త ఉంది. కనుక అది లేచినప్పుడు చప్పట్లు కొట్టడానికే కాదు, పడినప్పుడు ఎందుకు పడిందని అడగడానికీ మనకు హక్కు ఉంది. అడగాలంటే ముందు తెలుసుకోవాలి. విద్యార్థి మిత్రులారా, మన చదువు అందుకే కదా!