నరం దొరకని చేయి

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలు గుర్తుకు వస్తాయి. ఆ బట్టీలలో శ్రమించేవారి చేతులను, చుట్టుపక్కల మిరప, పత్తి చేలలో ఎండనపడి పనిచేసే కూలీల చేతులను గమనించండి. చర్మం బిరుసెక్కి, మందమై ఉంటుంది. సున్నం క్షారగుణం కలది. అది చర్మంలోని తేమను, నూనెను హరిస్తుంది.

ఇటువంటివారికి వడదెబ్బ తగిలినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా సెలైను ఎక్కించవలసి రావచ్చు. అప్పుడే ‘నరం దొరకడం లేదు’ అనే మాట వినిపిస్తుంది. నిజానికి నర్సు వెదికేది నరాన్ని కాదు, సిరను. నరం స్పర్శను తెలిపే తంతువు. సిర రక్తాన్ని గుండెకు చేర్చే నాళం. వాడుకలో రెంటికీ ఒకే మాట స్థిరపడిపోయింది.

1832లో కలరా ప్రబలినప్పుడు స్కాట్లాండులోని లీత్ పట్టణంలో థామస్ లట్టా అనే వైద్యుడు రోగుల సిరలలోకి ఉప్పునీటిని ఎక్కించి కొందరిని బ్రతికించాడు. అయితే ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు సిరలు కూడా కుంచించుకుపోతాయి. అవసరం పెరిగినకొద్దీ దారి ఇరుకవుతుందన్నమాట.

మందమైన చర్మం కింద సిర కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. చేతిని కిందికి వేలాడదీసి, గోరువెచ్చని గుడ్డ కప్పి, పైన పట్టీ బిగిస్తే సిర ఉబ్బుతుంది. నొక్కితే మెత్తగా అణగి మళ్లీ లేచేది సిర. లయగా కొట్టుకునేది ధమని. దాని జోలికి పోరాదు. సున్నపుధూళి, చెమట ఉన్న చర్మాన్ని ముందే కడిగి, స్పిరిట్ పూసి, అది ఆరేదాకా ఆగాలి. లేకుంటే పైన వేసే అతుకుపట్టీ కూడా నిలవదు.

సూది పట్టిన చేతినే అందరూ చూస్తారు గాని, అసలు మెలకువ రెండవ చేతిలో ఉన్నది. ఆ చేతి బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి బిగువుగా పట్టకపోతే, మొన తగలగానే చర్మం లోపలికి అణుగుతుంది, సిర పక్కకు జారుతుంది. బలంగా గుచ్చడం దీనికి విరుగుడు కాదు. చర్మం దాటిన మరుక్షణం ఆ బలమే సిర అవతలి గోడను చీల్చవచ్చు. అందువల్ల నిలకడగా చర్మాన్ని దాటి, ఆపై సూదిని వాల్చి నెమ్మదిగా సిరలోకి పోనిస్తారు. వెనుక రక్తం కనబడగానే మరికొంచెం జరిపి, సూదిని కదలనీయక ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే ముందుకు తోస్తారు.

ఈ గొట్టాలకు రంగులున్నాయి: 18వ సంఖ్యది ఆకుపచ్చ, 20వది గులాబి, 22వది నీలం. సంఖ్య పెరిగితే గొట్టం సన్ననవుతుంది. నొప్పి తక్కువని మరీ సన్ననిది ఎంచుకుంటే, బిరుసు చర్మంలో దాని కొస ముడుచుకుపోవచ్చు.

రెండుసార్లు తప్పితే మరింత అనుభవమున్నవారిని పిలవడం మేలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాలి ఎముక మజ్జలోకే ద్రవాన్ని పంపే పద్ధతి కూడా ఉన్నది.