కారులో రంగుల లైట్లు: వైరు ముట్టుకునే ముందు ఫ్యూజూ చూడండి, వీసా కూడా చూడండి

డిసెంబరు 2 దగ్గరపడుతోందంటే యూఏఈలో కార్లకు పెళ్లికళ వచ్చేస్తుంది. 1971లో ఎమిరేట్లు ఒక్కటైన రోజు అది. బయట జెండాలు, స్టిక్కర్లు. లోపల సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అంచున రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు. సరిగ్గా అప్పుడే హౌస్ డ్రైవర్‌కు ఇంట్లోంచి పిలుపు వస్తుంది: "లైట్లు తెప్పించాను, నువ్వే పెట్టేయ్." సైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసే తమ్ముడికి క్యాంపులోంచి ఫోన్ వస్తుంది: "మా వాడి కారుకు పెట్టన్నా, వంద దిర్హాంలు ఇస్తాడు."

చూడటానికి గంట పనే. కానీ ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి మంట. రెండోది మీ జీతం, మీ వీసా. రెండింటి గురించీ తెలుసుకున్నాకే చెయ్యాలో వద్దో నిర్ణయించుకోండి.

"పన్నెండు వోల్టులే కదా" అనుకుంటే మోసం

సైట్‌లో పనిచేసిన వాళ్లకు కరెంటంటే షాక్ భయం. 230 వోల్టుల దగ్గర ఆ భయం ఉండాల్సిందే. కారు బ్యాటరీ 12 వోల్టులు, చేత్తో ముట్టుకున్నా మామూలుగా షాక్ కొట్టదు. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

అసలు సంగతి ఇది. 60 వాట్ల బల్బు ఇంట్లో 230 వోల్టుల మీద వెలిగితే వైరులో పారేది పావు ఆంపియర్ చిల్లర. అదే 60 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే 5 ఆంపియర్లు పారాలి. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. వైరును వేడెక్కించేది ఆ ఆంపియర్లే. పైగా కారు బ్యాటరీ ఇంజిన్‌ను తిప్పడానికి ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఫ్యూజ్ లేని సన్న వైరు బాడీకి తగిలి షార్ట్ అయితే, ఆ బలమంతా దాని మీదే పడుతుంది. క్షణాల్లో వైరు ఎర్రగా కాలి, పక్కనున్న కార్పెట్‌నూ స్పాంజినీ అంటుకుంటుంది.

ఇల్లు వైరింగ్ చేసేటప్పుడు షాక్‌కు భయపడాలి. కారు వైరింగ్ చేసేటప్పుడు మంటకు భయపడాలి.

పట్టీ ఎంత తాగుతుందో ముందు లెక్కేయండి

డబ్బా మీద మీటరుకు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మీటరుకు 60 చిన్న దీపాలుండే 3528 రకం పట్టీ సుమారు 4.8 వాట్లు తీసుకుంటుంది. అదే 60 దీపాలుండే 5050 రకం సుమారు 14.4 వాట్లు. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

చిన్న రకం పట్టీ 2 మీటర్లు వేస్తే 9.6 వాట్లు, అంటే 0.8 ఆంపియర్. 2 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. పెద్ద రకం 5 మీటర్ల చుట్ట మొత్తం వేస్తే 72 వాట్లు, 6 ఆంపియర్లు. సీట్ల కింద మసక వెలుగు కోసం అంత అక్కర్లేదు. పట్టీని కత్తెర గుర్తున్న చోట కత్తిరించి అవసరమైనంతే వాడండి.

ఫ్యూజ్ ఉండేది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఫ్యూజ్ పోతే ఎందుకు పోయిందో వెతకాలి. అంతేగానీ దాని బదులు పెద్దది పెట్టకూడదు, సిగరెట్ రేకు చుట్టడం అసలే వద్దు. రంగులు గుర్తుంచుకోండి: బూడిద రంగు 2, ఊదా 3, గోధుమ తేనె రంగు 5, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు.

చేయక తప్పదంటే ఈ వరసలో చేయండి

అన్నిటికన్నా మంచి దారి వైరు కోయకపోవడం. యూఎస్‌బీకి గానీ సిగరెట్ లైటర్ సాకెట్‌కు గానీ తగిలించే రెడీమేడ్ పట్టీలు దొరుకుతాయి. పండగ అయ్యాక పీకేయొచ్చు, కారు మళ్లీ మునుపటిలాగే ఉంటుంది. హౌస్ డ్రైవర్లకు మేం చెప్పేది ఇదే.

ఫ్యూజ్ బాక్సు నుంచే తీసుకోవాల్సి వస్తే:

1. తాళం తీస్తే ఆగిపోయే సర్క్యూట్‌ను టెస్ట్ ల్యాంపుతో గానీ మల్టీమీటర్‌తో గానీ వెతకండి. సాకెట్, రేడియో లాంటివి ఫర్వాలేదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి పోవద్దు.

2. సర్క్యూట్ దొరికాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి. గడియారం, రేడియో సెట్టింగులు పోవచ్చని యజమానికి ముందే చెప్పండి.

3. ఫ్యూజ్ ట్యాప్ వాడండి. అందులో రెండు గళ్లు ఉంటాయి, ఒకదాంట్లో పాత ఫ్యూజ్, రెండోదాంట్లో కొత్తది. రెండు ఫ్యూజులకూ కలిసి ఉండే కాలు సరఫరా వచ్చే వైపుకు రావాలి. తిరగేసి పెడితే కొత్త భారం కూడా పాత ఫ్యూజ్ మీదే పడుతుంది.

4. నెగటివ్ వైరును పెయింట్ లేని లోహానికి బిగించిన బోల్టుకు ఇవ్వండి. వదులు ఎర్త్ మినుకుమినుకుమంటుంది, వేడెక్కుతుంది.

5. వైరు మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎండలో మూసి ఉన్న కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. టేపు జిగురు కరిగి జారిపోతుంది. క్రింప్ చేసి గానీ సోల్డర్ చేసి గానీ, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయండి.

6. వైరును ప్లాస్టిక్ ట్రిమ్ కింద నడిపి టైలతో కట్టండి. బ్రేకు, యాక్సిలరేటర్ పెడళ్ల దగ్గరా, స్టీరింగ్ కడ్డీ దగ్గరా, సీటు జరిగే పట్టాల మీదా ఒక్క వైరు కూడా వేలాడకూడదు.

పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పొద్దు, మీటరు పెట్టి కొలవొద్దు. ముందు అద్దం పక్కనుండే స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని మీదుగా వైరు లాగొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి. అక్కడ ఉండేది 12 వోల్టులు కాదు, ప్రాణం తీసేంత వోల్టేజీ.

తాళం తీసినా ఆగని సర్క్యూట్‌కు కలిపితే ఇంకో తలనొప్పి. 6 ఆంపియర్ల పట్టీ రాత్రి 8 గంటలు వెలిగితే 48 ఆంపియర్ అవర్లు ఖర్చు. చిన్న కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యమే సుమారు 45. పొద్దున పిల్లల్ని బడికి తీసుకెళ్లే వేళకు కారు స్టార్ట్ కాదు, మాట పడేది మీరే.

వెలుగు డ్రైవరు కళ్లలో పడకూడదు, రాత్రి అద్దంలో ప్రతిబింబించకూడదు. పోలీసు బండ్లను తలపించే ఎరుపు, నీలం మెరుపు లైట్లు పెట్టమంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా బండిలో మార్పులు చేస్తే ట్రాఫిక్ జరిమానా పడొచ్చు. పండగకు ముందు పోలీసులు ఏటా ప్రకటించే అలంకరణ నియమాలను యజమానికి చూపించండి.

ఇది మీ పనేనా?

యూఏఈలో ప్రైవేటు డ్రైవర్ ఇంటిపనివారి చట్టం కిందకు వస్తాడు. అది 2022లో వచ్చిన 9వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం. దాని ప్రకారం మీకు వారానికి ఒక రోజు జీతంతో సెలవు, రోజుకు కనీసం 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరసగా ఉండాలి. రాత్రి పదకొండింటికి పార్కింగులో లైట్లు బిగించడం కూడా పనే, విశ్రాంతి కాదు. ఒప్పందంలో డ్రైవర్ అని ఉంటే, మెకానిక్ పని మీరు ఒప్పుకుంటేనే చెయ్యాలి.

ఒప్పుకోకపోతే గొడవ పడక్కర్లేదు. "బాబా, యే కామ్ గ్యారేజ్ వాలా కరేగా తో అచ్ఛా హై, గాడీ కా వారంటీ భీ రహేగా" అని మెల్లగా చెప్పండి. వారంటీ మాట వింటే చాలామంది ఆగుతారు. అయినా చెయ్యమంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకోండి, లేదా మీరే పెట్టండి: "మీరు చెప్పినట్టు ఈ రోజు లైట్లు బిగిస్తున్నాను." పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీసుకోండి. రేపు ఏదైనా కాలితే, మీ ఇష్టంతో మీరే చేశారన్న మాట రాకుండా అది కాపాడుతుంది.

కంపెనీ బండి నడిపే వాళ్లు సూపర్‌వైజర్ నోటిమాట మీద బండిలో ఏమీ మార్చకండి. నష్టం పేరుతో జీతం కోస్తామంటే లెక్క కాగితం మీద అడగండి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం కోతలకు కారణాలు ఎన్ని చూపినా మొత్తం మీద జీతంలో సగం దాటకూడదు. ఖాళీ కాగితం మీద, చదవడం రాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఇక సెలవు రోజు వంద దిర్హాంల పని సంగతి. చేతిలో విద్య ఉంది, ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ పంపాలని ఉంటుంది, అది మాకూ తెలుసు. కానీ మీ వీసా ఉన్న యజమాని దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర పర్మిట్ లేకుండా పనిచేస్తే దొరికిన రోజున దేశం నుంచి పంపేయొచ్చు. పర్మిట్ లేని మనిషితో పని చేయించుకున్న యజమానికి 2024లో జరిమానాను లక్ష నుంచి పది లక్షల దిర్హాంల దాకా పెంచారు. అందుకే గ్యారేజీ వాళ్లు పట్టుబడితే "వీడెవడో మాకు తెలీదు" అంటారు. కంపెనీలో చేసే వాళ్లకు పార్ట్‌టైమ్ పర్మిట్ అనే దారి ఉంది, మంత్రిత్వ శాఖ నంబరుకు ఫోన్ చేసి అడగండి. వంద దిర్హాంల కోసం రెండేళ్ల వీసాను పణంగా పెట్టకండి.

పొగ వస్తే

కాలుతున్న ప్లాస్టిక్ వాసన వచ్చిన వెంటనే బండి పక్కకు తీసి, తాళం ఆపండి. ముందు పిల్లల్ని, పెద్దవాళ్లను దింపండి. దూరంగా నిలబడి 997కు ఫోన్ చేయండి. సామాన్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లొద్దు. కారు పోతే ఇన్సూరెన్స్ మాట్లాడుకుంటుంది.

ఈ నంబర్లు ఫోన్‌లో దాచుకోండి

మానవ వనరుల మంత్రిత్వ శాఖ: 600590000. జీతం, కోతల ఫిర్యాదులు, సలహాలు: 80084. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, ఉచిత కాల్: 80046342. ఫోన్ చేసే ముందు ఎమిరేట్స్ ఐడీ, ఒప్పందం కాపీ, ఆ వాట్సాప్ మెసేజ్ దగ్గర పెట్టుకోండి. మీ గదిలో డ్రైవర్‌గా కొత్తగా వచ్చిన తమ్ముడెవరైనా ఉంటే, పండగ రాకముందే ఈ పేజీ అతనికి చదివి వినిపించండి.