మృగశిరకు ముందే వేసుకునే లెక్క

మానేరు పరీవాహకంలోని భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలంలో పత్తి వేసే రైతులు రోహిణి కార్తెలోనే దుక్కులు ముగించి, విత్తన ప్యాకెట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. గింజ మాత్రం వెంటనే పెట్టరు. జూన్ 8 ప్రాంతంలో మిరుగు (మృగశిర కార్తె) మొదలై నాలుగు చినుకులు రాలగానే తొందరపడితే మొలక మాడిపోతుందని వాళ్లకు తెలుసు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోపలిదాకా తడిశాకే పత్తి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా చెబుతారు. అందుకే నిర్ణయం ముందే జరిగిపోతుంది: పదునైతే మర్నాడు పొద్దున్నే ఫలానా చెలకలో మొదలు, కూలీలు ఫలానా వాడ నుంచి, వాన ఎగ్గొడితే ఆరుద్ర దాకా ఆగడం, అప్పటికీ కాకుంటే పంట మార్చడం. వాన ఎవరి చేతిలోనూ లేదు. వాన పడ్డ మర్నాడు ఏం చేయాలన్నది రైతు చేతిలో ఉంది. ఏడాది లక్ష్యాల మీద మనస్తత్వ శాస్త్రం అరవై ఏళ్లుగా తేల్చిన విషయాల్లో ముఖ్యమైనవి ఈ లెక్కలోనే ఉన్నాయని నాకనిపిస్తుంది.

జనవరి ఒకటిన అయినా, ఉగాదినాడు అయినా మనం రాసుకునే తీర్మానాలు చాలావరకు కోరిక దగ్గరే ఆగుతాయి. ఆరోగ్యం చూసుకోవాలి, అప్పు తీర్చాలి, ఉద్యోగం కొట్టాలి. కోరిక బలంగా ఉంటే పని దానంతటదే జరుగుతుందనుకుంటాం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990లలో ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. ఏం సాధించాలో నిర్ణయించుకోవడం వేరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలో నిర్ణయించుకోవడం వేరని ఆయన చూపించారు. 2002లో బ్రిటన్‌లో విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం ఈ తేడాను బాగా పట్టిచ్చింది. వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు వ్యాయామం చేయాలన్నది లెక్క. ఏమీ చెప్పని బృందంలో 38 శాతం మంది చేశారు. గుండెజబ్బుల గురించి చదివించి ఉత్సాహపరిచిన బృందంలో 35 శాతం మందే చేశారు. అదే సమాచారం ఇచ్చి, దాంతోపాటు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది రాయించిన బృందంలో 91 శాతం మంది చేశారు. ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను 2006లో కలిపి చూసినప్పుడు కూడా ఈ పద్ధతి ప్రభావం గట్టిగానే కనిపించింది.

ఇది పనిచేసే తీరు తేలికైనదే. అలసిపోయి ఇల్లు చేరిన సాయంత్రం 'ఇవాళ చదవాలా, రేపు చూద్దామా' అని తర్కం మొదలైతే మనసు సుఖం వైపే మొగ్గుతుంది. 'అన్నం తిని చేయి కడుక్కోగానే పుస్తకం తెరుస్తాను' అని ముందే ముడివేసుకుంటే, చేయి కడుక్కోవడమే గుర్తుచేస్తుంది. అప్పుడు కొత్తగా నిర్ణయించాల్సింది ఏమీ ఉండదు.

లక్ష్యం ఎంత కచ్చితంగా ఉండాలన్న ప్రశ్నకు అమెరికాలో ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ జవాబు వెతికారు. 1975లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఓక్లహోమాలో దుంగలు మోసే లారీల మీద లేథమ్ దృష్టి పెట్టారు. చట్టం అనుమతించే బరువులో దాదాపు 60 శాతమే డ్రైవర్లు నింపుతున్నారు. మీకు చేతనైనంత చేయండి అని చెబితే ఏమీ మారలేదు. 94 శాతం అని అంకె ఇచ్చాక, అదనపు డబ్బు లేకుండానే నెలల్లో ఆ దరిదాపులకు చేరి అక్కడే నిలిచారు. భూపాలపల్లి దారుల్లో బొగ్గు లారీలు చూసేవాళ్లకు ఆ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే తెలుగువాళ్ల మీదే జరిగిన పెద్ద పరీక్ష ఒకటుంది. దాన్ని మనం దాదాపు మరిచిపోయాం. 1960ల మధ్యలో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నారు. వాళ్లను జట్లుజట్లుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించారు. అప్పట్లో సియెట్ అని పిలిచిన ఆ సంస్థే ఇవాళ్టి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. శిక్షణ పది రోజులు. అప్పు ఇవ్వలేదు, యంత్రాలు ఇవ్వలేదు. బొమ్మలు చూపి కథలు రాయించారు, ఆ కథల్లో సాధించాలన్న తపన ఎంతుందో వాళ్లచేతే వెతికించారు. మేకుకు రింగులు విసిరే ఆట ఆడించారు. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. గెలవడం కష్టమైనా సాధ్యమయ్యే దూరంలో నిలబడటం నేర్చుకోవాలి. చివర్లో ప్రతివాళ్లూ రాబోయే రెండేళ్లకు తమ లక్ష్యాలు రాసుకోవాలి, ప్రగతిని నమోదు చేస్తూ పోవాలి.

శిక్షణ తీసుకోని వ్యాపారులతో, పొరుగున ఉన్న రాజమండ్రితో పోల్చి చూశారు. 1969లో వెలువడిన పుస్తకం ప్రకారం, తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో సగం మంది దాకా కొత్త వ్యాపారం మొదలుపెట్టడం, ఉన్నదాన్ని విస్తరించడం వంటివి చేశారు. మిగతా వాళ్లలో అలా కదిలినవాళ్లు పావు వంతే. పాత ఆచారాలు పాటించేవాళ్లు వెనకబడతారన్న అంచనా తప్పింది, వాళ్లూ సమానంగానే ముందుకెళ్లారు. నమూనా చిన్నది కాబట్టి ఈ అంకెలను పట్టుకుని మరీ దూరం పోకూడదు. కానీ అందులో ఒక విషయాన్ని నేను చాలా విలువైనదిగా చూస్తాను. శిక్షణ ప్రధానంగా ఫలించింది తమ వ్యాపారంలో తామే నిర్ణయాలు తీసుకోగలిగినవాళ్ల దగ్గర. అదే తరగతి గదిలో కూర్చున్నా, పై మాట వినాల్సిన స్థానంలో ఉన్నవాళ్లలో మార్పు తక్కువ. లక్ష్యం నెరవేరలేదని మనిషిని నిందించే ముందు, ఆ పని ఎంతవరకు తన చేతిలో ఉందో అడగాలి. ఇంటి ఖర్చు మీద మాట చెల్లని కోడలికి పొదుపు పాఠం చెబితే ఏం లాభం? ముందు ఆ మాటకు చోటు కల్పించాలి.

మన చేతిలో ఉన్న పనుల్లోనూ గడువు దగ్గర తప్పుతాం. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీన్ని వివరించారు: పని ఎలా సాగాలో ఊహించుకుంటాం తప్ప, అలాంటి పనులు ఇదివరకు ఎలా సాగాయో చూడం. 1994లో కెనడాలో పరిశోధన వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను అడిగితే, సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. అన్నీ ఎదురుతిరిగితే 49 అన్నారు. నిజానికి పట్టింది 55 రోజుల పైనే. పెద్ద పనుల్లో గడువు ఎంత దూరం జరుగుతుందో చూడటానికి మళ్లీ మానేరు దగ్గరికే వెళ్లవచ్చు. టేకుమట్ల మండలం గర్మిళ్లపల్లికీ, పెద్దపల్లి జిల్లా ఓడేడుకూ మధ్య మానేరు మీద వంతెన పనులు 2016లో మొదలయ్యాయి. 2024 ఏప్రిల్‌లో, ఇంకా పూర్తికాని ఆ వంతెన గర్డర్లు ఈదురుగాలికి కూలిపోయాయి. ప్రభుత్వ పనుల ఆలస్యానికి నిధులు, ఒప్పందాలు, పర్యవేక్షణ ఇలా ఎన్నో కారణాలుంటాయి, మనస్తత్వం అందులో ఒక పాయ మాత్రమే. కానీ ఆ వంతెన కోసం ఎదురుచూసిన ఊళ్లు తమ ఏటేటి లెక్కలను దాని మీద కట్టుకున్నాయి కదా, అది నన్ను కలచివేస్తుంది. సొంత పనికైతే మందు ఉంది: నిరుడు అలాంటి పనికి ఎన్ని రోజులు పట్టిందో రాసిపెట్టుకుని, ఈ ఏడు గడువు ఆ అంకెతోనే మొదలుపెట్టాలి.

తీర్మానాన్ని రాసే తీరుకూ బలం ఉంది. 2017 కొత్త సంవత్సరానికి తీర్మానాలు చేసుకున్న వెయ్యి మందికి పైగా స్వీడన్‌వాసులను పరిశోధకులు ఏడాది పాటు గమనించారు. ఫలానాది చేస్తాను అని రాసుకున్నవాళ్లలో 59 శాతం, మానేస్తాను అని రాసుకున్నవాళ్లలో 47 శాతం గెలిచామన్నారు. బీడీ మానాలనుకునే మనిషి, తిన్న తర్వాత సోంపు నములుతాను అని రాసుకుంటే చేతికి ఒక పని దొరుకుతుంది. అలవాటు కుదిరేదాకా ఓపిక మాత్రం కావాలి. లండన్‌లో 96 మందితో చేసిన పరిశోధనలో సగటు మనిషికి 66 రోజులు పట్టింది, వ్యక్తిని బట్టి 18 నుంచి 254 దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. ఒక్క రోజు పోయిందని ఏడాది మొత్తాన్ని వదులుకునే పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

చివరిగా, తొలిసారి పోటీ పరీక్షకు కూర్చునే టేకుమట్ల యువతీయువకుల కోసం ఒక విషయం. కొత్తగా నేర్చుకునే క్లిష్టమైన పనికి పెద్ద అంకె పెట్టుకుంటే ఫలితం దెబ్బతింటుందని లేథమ్ వంటివారి తర్వాతి పరిశోధనలు చూపించాయి. ర్యాంకు మీదే కన్నుంటే ఏ పద్ధతి పనిచేస్తుందో వెతికే తీరిక మనసుకు మిగలదు. అందుకే మొదటి మూడు నెలలు ర్యాంకు లక్ష్యం పక్కన పెట్టి, అంకగణితంలో తాము తప్పు చేసే లెక్కల రకాలు ఏవో కనిపెట్టి, ఒక్కోదానికి రెండు పద్ధతులు నేర్చుకోవడమే లక్ష్యంగా రాసుకోవచ్చు. ఏ రోజు, ఏ గంటకు, కరెంటు పోతే ఎక్కడ కూర్చోవాలో కూడా అదే కాగితం మీద రాయాలి. మార్కుల అంకె నాలుగో నెలలో పెట్టుకోవచ్చు, అప్పటికి అది ఊహ మీద కాక చేసిన లెక్కల మీద నిలబడుతుంది.